వెచ్చటి మలుపు

మా వీధి మలుపులో మంచు నిలిచేది కాదు. ఊరంతా మోకాలి లోతున తెల్లగా పడి ఉన్నా, అక్కడ మాత్రం నాలుగు చాపలు పరిచినంత మేర నేల నల్లగా, తడిగా, గోరువెచ్చగా ఉండేది. పిల్లులు అక్కడే పడుకునేవి. బస్సు కోసం వచ్చినవాళ్లు స్టాపు వదిలేసి అక్కడికొచ్చి నిలబడేవాళ్లు. బూట్లు బాగుచేసే ఆయన తన పెట్టె, ముక్కాలిపీట ఆ మలుపుకే మార్చుకున్నాడు. పైనున్న బడి టీచరమ్మ చలి మరీ ముదిరిన రోజుల్లో పిల్లల్ని వరసగా నడిపించుకొచ్చి అక్కడ ఆడించేది. "దేవుడు వెలిగించిన పొయ్యి" అని అందరూ మురిసిపోయేవాళ్లు. దేవుడికేం పని? అది మా కంపెనీ నిర్వాకం. ఆ మురిపెం చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది. అయినా నోరు విప్పేదాన్ని కాదు. ఎందుకు విప్పలేదో చెప్పడానికే ఇదంతా.

మా నగరంలో ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి ఎవరింట్లోనూ ఏదీ మండదు. వీధుల కింద రెండు లావుపాటి పైపులుంటాయి. ఒకటి వేడినీళ్లు తెస్తుంది, రెండోది చల్లారిన నీళ్లను వెనక్కి తీసుకెళ్తుంది. ఆ వేడి చెత్త కాల్చే కర్మాగారం నుంచి కొంత, కంప్యూటర్లు బారులు తీరి రాత్రింబవళ్లు పనిచేసే గిడ్డంగి నుంచి కొంత, నది నీటిలోంచి వేడిని లాగే పెద్ద యంత్రాల నుంచి మిగతాది వస్తుంది. వేసవిలో చల్లటి నీళ్లు తిప్పడానికి మూడేళ్ల కిందట అదే కాలువలో మరో జత పైపులు వేశారు. బొగ్గు పొగగొట్టం కూల్చిన రోజు ఊరంతా చప్పట్లు కొట్టింది. నేనూ అరచేతులు ఎర్రబడేలా కొట్టాను. మా అమ్మాయి నల్లటి చీమిడి చీదకుండా పెరుగుతోందంటే అది ఈ పైపుల పుణ్యమే. ఆ మాట ఇప్పటికీ అంటాను.

నా ఉద్యోగం ఆ పైపుల చప్పుడు వినడం. నవ్వకండి, దానికీ జీతమిస్తారు. నిలువెత్తు ఉక్కు కడ్డీ ఒకటి ఉంటుంది. కింది కొసను నేలమీదో వాల్వు మీదో ఆనించి, పై కొసన ఉన్న చెక్క గుబ్బను చెవి వెనక ఎముకకు నొక్కి పెట్టి వినాలి. ఈ విద్య నాకు నేర్పింది మా మామయ్య. ముప్పై నాలుగేళ్లు ఇదే కంపెనీలో లైన్లు చూశారు. నన్ను కోడలిగా కాపురానికి తెచ్చుకున్నారో, కడ్డీకి వారసురాలిగా తెచ్చుకున్నారో నాకిప్పటికీ అనుమానమే. మొదటి రోజే ఒక పాఠం చెప్పారు.

"చూడమ్మాయ్, చిల్లు పడ్డ చోట నీళ్లు బుస కొడతాయి. పారిపోతున్న చోట గలగలమంటాయి. బుసకీ గలగలకీ తేడా తెలిస్తే నీకు పని వచ్చేసినట్టే."

ఇంకో పాఠం కూడా చెప్పారు. నేల కింద నీళ్లు ఇసుకను కోసేసి గుంత చేస్తాయి. గుంతలో నీళ్లున్నంతసేపూ ఆ నీళ్లే పై నేలను మోస్తూ ఉంటాయి. లైను కట్టేసి, నీళ్లు దిగిపోయాక అసలు గండం మొదలవుతుంది. "నిండు గుంత కాదు, ఖాళీ గుంత చంపుతుంది" అనేవారు. రెండు పాఠాలూ నాకు కంఠతా వచ్చు. కంఠతా వచ్చినవి సమయానికి గుర్తొస్తాయన్న నమ్మకం లేదని తర్వాత తెలిసింది.

రిటైరైన దగ్గర్నుంచీ మామయ్య రోజూ పదింటికి వెళ్లి మలుపులో బెంచీ మీద కూర్చునేవారు. నాలుగింటికి లేచేవారు. చేతికర్ర గడ్డానికి ఆనించుకుని, కళ్లు మూసుకుని, కదలకుండా ఉండేవారు. ముసలాయన వెచ్చగా కునుకు తీస్తున్నాడని వచ్చేపోయేవాళ్లంతా నవ్వుకునేవాళ్లు. నేనూ అలాగే అనుకున్నాను. ఆయన రిటైరైన ఆరేళ్లూ ఒకే ఇంట్లో ఉండి, ఆ చేతికర్ర ఆయన పాత కడ్డీయే అని గమనించని మనిషిని నేను.

ఆ చలికాలంలో లెక్క తప్పడం మొదలైంది. పైపుల్లో ఎక్కడో ఒకచోట కారిపోయే నీటిని మేం రోజూ కొత్త నీళ్లతో భర్తీ చేస్తాం. మామూలుగా రోజుకు రెండు ట్యాంకర్ల నీళ్లు సరిపోతాయి. మంచు మొదలైన నెలకి ఐదయ్యాయి, ఆ తర్వాత తొమ్మిదయ్యాయి. ఇంజినీర్లు మ్యాపు ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఆ మ్యాపులో పాత పైపులు ఎరుపు, అనుమానమున్నవి పసుపు, కొత్తగా మార్చినవి ఆకుపచ్చ. వెతికే బృందాలన్నీ ఎర్రగీతల మీద పడి ఊరు తవ్విపోశాయి, ఏమీ దొరకలేదు. మా మలుపు ఆకుపచ్చగీత మీద ఉంది. అందుకని అటు ఎవరూ తొంగి చూడలేదు.

నేను చూశాను. మలుపులో మురుగుకాలువ మూత తీసి సీసాతో నీళ్లు పట్టాను. కారితే పట్టుబడాలని మా నీళ్లలో ఒక రంగు కలుపుతాం. ఆ సీసాలోది లేత ఆకుపచ్చగా ఉంది. సాయంత్రం వంటింట్లో మామయ్య టీ తాగుతుంటే ఆ సీసా తెచ్చి ఆయన కప్పు పక్కన పెట్టాను. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. అమ్మాయి పక్కగదిలో బొమ్మలేసుకుంటోంది.

"ఎక్కడిదమ్మా?" అన్నారు.

"మీ బెంచీ కిందిది."

ఆయన కప్పు కింద పెట్టారు. సీసాకేసి చూశారు. తర్వాత గోడమీది గడియారంకేసి చూశారు. ఆ గడియారం ఆయనకు కంపెనీ ఇచ్చిన బహుమతి. అతి వేగంగా మరమ్మతు చేసినందుకని దానిమీద చిన్న అక్షరాలతో రాసి ఉంటుంది.

"నేనక్కడ వెచ్చదనం కోసం కూర్చుంటున్నాననుకున్నావా?" అన్నారు.

అప్పుడు చెప్పారు. పదకొండేళ్ల కిందట, ఇంతకన్నా ఘోరమైన చలిలో, ఆ మలుపులో పైపు చీలింది. కొత్త పైపు వెయ్యాలంటే నాలుగు రోజులు పడుతుంది. ఆ లైను చివర ప్రసూతి ఆసుపత్రి ఉంది. ఆయన గుంతలోకి దిగి, చీలిక మీద ఇనుప పట్టీ బిగించి, రెండు గంటల్లో నీళ్లు వదిలారు. పట్టీ వేసినట్టు రాస్తే లైను తెరవనివ్వరు. అందుకని పుస్తకంలో 'పైపు మార్చడమైనది' అని రాశారు. వసంతంలో తవ్వి నిజంగానే మార్చేద్దామనుకున్నారు. ఈలోగా గడియారం వచ్చింది, చప్పట్లు వచ్చాయి.

"రాసినదాన్ని కొట్టేద్దామని పుస్తకం తీసేవాణ్ణి. చెయ్యి వచ్చేది కాదు" అన్నారు. "అది ఎప్పుడు పోతుందో విందామని కూర్చుంటున్నా. ఆరేళ్లుగా వింటున్నా."

నాకు పట్టరాని కోపం వచ్చింది. కానీ ఆ కోపం చూపించే హక్కు నాకు లేదు. ఎందుకంటే మూడేళ్ల కిందట ఆ పుస్తకాన్ని కంప్యూటర్లోకి ఎక్కించింది నేనే. ప్రతి పైపు ముక్కనీ కళ్లారా చూసి, ఫొటో తీసి పెట్టాలని రూలు. మలుపు దగ్గర తవ్వుదామంటే మామయ్య, "నేనే మార్చానమ్మా, మళ్లీ తవ్వడమెందుకు, రోడ్డు దండగ" అన్నారు. మామయ్య మాటంటే నాకు వేదం. పక్క ముక్కలో ఉన్న కొత్త పైపు ఫొటోనే రెండుచోట్లా పెట్టి, కింద నా సంతకం చేశాను. మలుపును ఆకుపచ్చ చేసింది నేనే.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాను.

"ఇంకో తొమ్మిది రోజుల్లో చలి విరుగుతుందంటున్నారు. అప్పుడు కట్టేసి తవ్విద్దాం. ఇప్పుడు కట్టేస్తే పదకొండు వందల ఇళ్లు గడ్డకడతాయి. అప్పటిదాకా నేను కాపలా ఉంటాను."

ఆయన చెప్పింది సబబుగానే ఉంది. తప్పు దాచుకునేవాళ్లకు కారణాలన్నీ సబబుగానే దొరుకుతాయి. ఉద్యోగం పోతుందన్న భయం నాది, పరువు పోతుందన్న భయం ఆయనది. రెంటికీ ప్రసూతి ఆసుపత్రి దుప్పటి కప్పి ఆ పూటకి పడుకున్నాం.

మర్నాటి నుంచి మామయ్య బెంచీ మీద కునికే ముసలాయన కాదు, కాపలాదారు. బస్సు కోసం నిలబడ్డవాళ్లను అదిలించేవారు. "ఇక్కడ నిలబడకండయ్యా, నేల మంచిది కాదు" అంటే వాళ్లు నవ్వి, "పొయ్యి మొత్తం నీకే కావాలా పెద్దాయనా?" అనేవాళ్లు. నేను వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ కడ్డీ ఆనించి వినేదాన్ని. కింద నీళ్ల చప్పుడు స్పష్టంగా వినిపించేది. ఒక్కసారి కూడా బుస వినపడలేదు. గలగలే. వానాకాలం చూరు కింద కాలువలా హాయిగా గలగల. అది విని కూడా నేను బుస విన్నట్టే నమ్మేసి లేచేదాన్ని. ఎక్కడ చిల్లుందో నాకు ముందే తెలుసు కదా, ఇక చెవులతో ఏం పని?

మా అమ్మాయికి ఏడేళ్లు. తాతయ్య దాన్ని బుడంకాయ అంటారు, కాబట్టి వీధంతా బుడంకాయే అంటుంది. బడి మలుపుకు ఎగువన, వంద అడుగుల దూరంలో ఉంటుంది. మూడింటికి బడి వదలగానే అది పరుగెత్తుకుంటూ దిగి, తాతయ్య బెంచీ ఎక్కి, ఇద్దరూ స్టాచ్యూ ఆట ఆడుకునేవాళ్లు. ఒకళ్లు "స్టాచ్యూ" అంటే రెండోవాళ్లు ఎలా ఉన్నవాళ్లు అలా బొమ్మలా నిలబడిపోవాలి. అన్నవాళ్లే "ఓవర్" అనేదాకా కనురెప్ప తప్ప ఏదీ కదపకూడదు. ఈ ఆటలో దాన్ని గెలిచినవాళ్లు లేరు. ఒకసారి తాతయ్య ఓవర్ చెప్పడం మర్చిపోయి టీకి వెళ్తే పావుగంట ఒంటికాలి మీద నిలబడింది. మొండితనంలో అచ్చం నా పోలికే.

ఆ సీసా సంగతి తేలిన మర్నాడే దాన్ని కూర్చోబెట్టి చెప్పాను.

"ఇక నుంచి తాతయ్య దగ్గరికి దిగొద్దు. నేను వచ్చేదాకా బడి ఆవరణలోనే ఉండు. గేటు దాటితే చూడు మరి."

"ఎందుకు?"

"ఎందుకంటే అమ్మ చెప్పింది కనక."

మూతి ముడుచుకుంది. తర్వాత, "పోనీలే, అక్కడ మా డోలు ఉందిగా" అంది.

"ఏం డోలు?"

"జారుడుబల్ల పక్కన. అక్కడ దూకితే నేల డోలులా మోగుతుంది. ఢుబ్ ఢుబ్ అని. మిగతా చోట్ల మోగదు. మేమందరం వంతులేసుకుంటాం."

"సరేలే, పాలు తాగు" అన్నాను.

ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. ఊరి నేలంతా వినడానికి జీతం తీసుకునేదాన్ని, కన్నకూతురి మాట పెడచెవిన పెట్టాను.

టీచరమ్మను కూడా కలిశాను. పిల్లల్ని మలుపుకు తీసుకురావద్దనీ, రోడ్డు పని ఉందనీ ఒక అబద్ధం చెప్పాను. ఆవిడ సరేనంది. "ఎలాగూ వచ్చారు కదా, మా గేటు ఒకసారి చూడరూ? నెలరోజుల్నుంచీ కింద రాసుకుంటోంది. ఒకవైపు స్తంభం దిగిపోయినట్టుంది" అంది. మాది నీళ్ల కంపెనీ అండీ, గేట్ల కంపెనీ కాదు అని నేను జోకేశాను. ఆవిడ మర్యాదకి నవ్వింది. గేటును రెండు చేతులతో ఎత్తి మూసి నేను చక్కా వచ్చేశాను. ఆవరణలో మందపాటి బండల మీద రబ్బరు పలకలు, వాటి మీద మంచు, అంతా ఒకే తెలుపు. ఎక్కడా తడి మరక కూడా లేదు.

ఐదో రోజుకి పదమూడు ట్యాంకర్లయింది. మలుపులో నల్లటి మేర పెరిగి బస్‌స్టాపును దాటింది. ఆరో రోజు పొద్దున నేను వెళ్లేసరికి బూట్లాయన ముక్కాలిపీటను అటూ ఇటూ తిప్పుతూ విసుక్కుంటున్నాడు.

"నిన్నటిదాకా బాగానే ఉందమ్మా. ఇవాళ ఒక కాలు పొట్టిదైపోయింది."

పీట కాలు పొట్టిది కాలేదు. దాని కిందున్న రాయి బొటనవేలంత లోపలికి దిగింది. నేను మామయ్యకేసి చూశాను. ఆయన కూడా అదే చూస్తున్నారు. 

"ఇంక నావల్ల కాదు మామయ్యా" అన్నాను.

"ఇంక దాచొద్దమ్మా, చెప్పెయ్యి. నాదే తప్పని చెప్పు. నీ సంతకం కూడా నేనే పెట్టించానని చెప్పు" అన్నారు. ఆ కాసేపట్లోనే ఆయన పదేళ్లు పెద్దవారయ్యారు.

మా ఆయన పనిచేసేది కంట్రోల్ రూములో. ఇంట్లో మేం నువ్వంటే నువ్వు. రేడియోలో మాత్రం మీరు, ఎందుకంటే అక్కడ ప్రతి మాటా రికార్డవుతుంది. నేను రేడియో నొక్కాను.

"మలుపు ముక్క కట్టెయ్యండి. అర్జెంటు."

"అది ఆకుపచ్చ లైను. ఆర్డరు లేకుండా కట్టలేను. కారణం చెప్పండి."

"అది కొత్త పైపు కాదు. పదకొండేళ్ల కిందట పట్టీ వేసి వదిలేసిన పాత పైపు. ఫొటో తప్పుడుది. పెట్టింది నేను."

అవతల ఆయన రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

"పట్టీ వేసిందెవరు?"

"మీ నాన్నగారు."

రేడియో గరగరమంది. తర్వాత మా ఆయన గొంతు చాలా మామూలుగా వచ్చింది. "కడుతున్నాను. పది నలభై." అంతే. ఇరవై నిమిషాల్లో లోపలి వాల్వులు ఒక్కోటీ బిగుసుకున్నాయి. ఆ గంటలోపే పదకొండు వందల ఇళ్లలో గోడలు చల్లబడటం మొదలైంది. కిటికీలు తెరిచి మమ్మల్ని తిట్టడం కూడా మొదలైంది. ఎవరేం తిట్టారో ఇక్కడ రాయను. చాలావరకు నిజమే.

మలుపు చుట్టూ తాడు కట్టి, యంత్రం తెప్పించి తవ్వించాను. నేల గట్టిగా గడ్డకట్టి లేదు కనుక తొందరగానే దిగింది. ఐనా జాగ్రత్తగా తవ్వేసరికి మధ్యాహ్నం ఒంటిగంటన్నర దాటింది. మామయ్యను ఇంటికి వెళ్లమన్నా కదల్లేదు. బెంచీని తాడు అవతలికి లాగించుకుని కూర్చున్నారు. పైపు కనపడగానే నేను నిచ్చెన వేసుకుని గుంతలోకి దిగాను. కాళ్ల కింద ఆకుపచ్చ నీళ్లు వెచ్చగా పారుతున్నాయి. చేత్తో తడిమాను, ఇనుప పట్టీ తగిలింది. పదకొండేళ్ల కిందట మామయ్య బిగించిన నాలుగు బోల్టులూ ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. గుడ్డతో తుడిచాను. మళ్లీ తుడిచాను. పట్టీ చుట్టూ తడి లేదు. దాని మీద పాత గ్రీజు కూడా పొడిగా పొలుసులు కట్టి ఉంది.

పట్టీ కారడం లేదు. ఒక్క చుక్క కూడా.

"ఏమైందమ్మా?" అని పైనుంచి మామయ్య కేకేశారు.

"బాగుంది మామయ్యా. మీ పట్టీ బాగానే ఉంది."

ఆయన ముఖంలో సంతోషం వచ్చింది. నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం చిన్నపిల్లాడిలా వెలిగిపోయారు. మరుక్షణమే ఆ వెలుగు ఆరిపోయింది. ఇద్దరికీ ఒకేసారి ఒకే ప్రశ్న వచ్చింది. మరి ఈ నీళ్లు ఎక్కడివి?

నేను కిందికి చూశాను. నీళ్లు ఎగువ నుంచి, పైపులు పరిచిన కాలువ వెంబడి, కంకర మీదుగా గలగలమంటూ వస్తున్నాయి. వీధి పల్లం కనుక ఇక్కడికి చేరి, పగులు దొరికి పైకి ఊరుతున్నాయి. ఇన్నాళ్లూ నేను విన్నది పారే నీటిని. చిల్లు ఇక్కడ లేదు. మేమిద్దరం మా తప్పున్న చోట చెవి పెట్టుకు కూర్చున్నాం. అసలు చిల్లు ఎక్కడో పైన, మేమెప్పుడూ కడ్డీ ఆనించని చోట ఉంది. ఎగువన వేడినీటి లైనుకు జాయింటు ఒక్కటే ఉంది. మూడేళ్ల కిందట చల్లనీటి పైపులు వేసినప్పుడు దాన్ని తెరిచి మూశారు. అది బడి ఆవరణ కింద.

నేను చూస్తుండగానే ఆ ధార సన్నబడింది. సగమైంది. తర్వాత దారంలా అయి ఆగిపోయింది. పైన ఎక్కడో నిండుగా ఉన్నది ఖాళీ అయిపోయిందన్నమాట.

"అమ్మాయ్!" అని మామయ్య అరిచారు. ఆయన గొంతు అలా ఎప్పుడూ వినలేదు. "గుంత ఖాళీ అయింది!"

డోలు. గేటు స్తంభం. రబ్బరు పలకలు. అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. నిచ్చెన ఎలా ఎక్కానో తెలియదు. కడ్డీ చేతిలోనే ఉంది. మంచులో జారుతూ, చేతులతో పాకుతూ ఎగువకు పరుగెత్తాను. సగం దూరంలోనే వినిపించింది. కడ్డీ అక్కర్లేదు. ఢుబ్. ఢుబ్. ఢుబ్. వెంట పిల్లల గొంతులు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతున్నాయి.

లైను కట్టేశాం కదా, గదులు గడ్డకట్టాయి. టీచరమ్మ పిల్లలకు ఒళ్లు వేడెక్కాలని బయటికి తెచ్చి గెంతులు వేయిస్తోంది. మలుపుకు తీసుకురావద్దని నేనే చెప్పాను. ఆవరణ దాటొద్దని నా కూతురికి నేనే చెప్పాను. ఇంత జాగ్రత్త పడ్డ తల్లి ఊళ్లో ఇంకొకతె ఉండదు.

గేటు దగ్గరికి వచ్చాను. ఇరవైమంది దాకా ఉన్నారు. జారుడుబల్ల పక్కన గుంపుగా, చేతులు పట్టుకుని ఎగురుతున్నారు. గేటు తెరవబోతే రాలేదు, స్తంభం చెయ్యి వెడల్పున దిగి ఉంది. పారిపొండి అని అరవబోయి ఆగాను. ఇరవైమంది ఒక్కసారి పరుగు అందుకుంటే ఆ నేల ఆగదు. ఊపిరి కూడదీసుకుని అరిచాను.

"స్టాచ్యూ!"

ఇరవైమందీ ఆగిపోయారు. ఒకడు నోరు తెరిచి ఉన్నాడు. ఒకతె చెయ్యి గాల్లో ఉంది. టీచరమ్మ కూడా అలాగే నిలబడిపోయింది. డోలు మోత ఆగిన ఆవరణలో నాకు నా ఊపిరే వినిపించింది. కడ్డీని గేటు పక్క బండకు ఆనించి చెవి పెట్టాను. నీటి చప్పుడు లేదు. సన్నగా, ఆగి ఆగి, డబ్బాలో పంచదార పోస్తున్నట్టు ఇసుక రాలుతోంది.

"ఇది కొత్త ఆట" అన్నాను.  "నేను వేలు చూపించినవాళ్లు పిల్లిలా, చప్పుడు లేకుండా, గోడవారగా బడి మెట్ల మీదికి వెళ్లాలి. పరుగెత్తినవాళ్లు ఔట్. మిగతావాళ్లు స్టాచ్యూ."

టీచరమ్మ నా ముఖం చూసి ఏం అర్థం చేసుకుందో గానీ, ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. చివర ఉన్నవాళ్లతో మొదలుపెట్టాను. ఒక్కొక్కళ్లే వెళ్లారు. ఇద్దరు నవ్వారు, ఒకడు తుమ్మాడు. ఆ తుమ్ముకి నా ప్రాణం పైకే పోయింది. బుడంకాయ సరిగ్గా మధ్యలో ఉంది, ఒంటికాలి మీద, రెండు చేతులూ చాచి. అంచునున్నవాళ్లు కదిలితే గానీ మధ్యవాళ్లు కదలకూడదు. కన్నకూతురిని చివరకు మిగిల్చిన లెక్క అది. ఆ లెక్క తప్పు కాదు. కానీ ఒక్కో వేలు చూపించినప్పుడల్లా ఆ వేలును విరిచేసుకోవాలనిపించింది.

చివరికి అదొక్కతే మిగిలింది.

"రా తల్లీ. మెల్లగా."

అది కదల్లేదు. పెదాలు నీలంగా ఉన్నాయి. పెదాలు కదపకుండా అంది, "ఓవర్ చెప్పలేదుగా."

"ఓవర్. ఓవర్ అమ్మా."

కాలు కింద పెట్టింది. పిల్లిలా నాలుగడుగులు వేసింది. మధ్యలో జారుడుబల్ల ఒకవైపుకి కొంచెం ఒరిగింది. అది గమనించి ఆగబోయింది. "చూడకు, నన్నే చూడు" అన్నాను. ఇంకో మూడడుగులు. గేటు మీదుగా వంగి దాని చంకల కింద పట్టుకుని ఇవతలికి లాగేశాను. దాన్ని గుండెకు అదుముకుని మంచులో కూలబడిపోయాను.

బయటపడ్డ పది క్షణాలకో, నిమిషానికో, జారుడుబల్ల తల ఊపినట్టు ఊగింది. పెద్ద చప్పుడేమీ రాలేదు. రబ్బరు పలకలు, బండలు, మంచు, ఇప్పటిదాకా పిల్లలు నిలబడ్డ చోటంతా మూత తీసినట్టు లోపలికి దిగిపోయింది. తెల్లటి ఆవిరి లేచి బడి కిటికీల దాకా కమ్ముకుంది. మెట్ల మీద పిల్లలు ఒక్కళ్లూ ఏడవలేదు. ఇంకా ఆటలోనే ఉన్నారేమో.

మామయ్య అప్పుడే రొప్పుతూ వచ్చారు. ఆవిరికేసి చూశారు, మనవరాలికేసి చూశారు. చేతికర్రను గోడకు ఆనించి పెట్టి, ఇక తనది కానట్టు వదిలేశారు. "ఆరేళ్లు" అన్నారు. "ఆరేళ్లు తప్పు చోట కూర్చున్నానమ్మా." ఆయన ఏడుస్తుంటే నేను ఆపలేదు. నేనూ ఏడుస్తున్నాను. రేడియోలో మా ఆయన మీరు అనాలన్న సంగతి మర్చిపోయి, "ఎక్కడున్నావే, పిల్లేది, పిల్లేది" అని అరుస్తున్నాడు.

బుడంకాయ నా మెడ మీంచి తల తిప్పి ఆ గుంతను చూసింది.

"నేను చెప్పాను కదమ్మా, మోగుతుందని" అంది.

 తల ఊపాను.

"ఇంకో చోట కూడా మోగుతుంది" అంది. "రోజూ మనం వచ్చే దారిలో. ఆసుపత్రి గేటు ముందు. కానీ అది చిన్న డోలు."

కన్నీళ్లు తుడుచుకుని లేచాను. ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో దాని చెయ్యి పట్టుకున్నాను.

"పద" అన్నాను. "ఎక్కడో చూపించు."